స్టవ్ విప్పిన పండగ

బాగా పనిచేస్తున్న వస్తువు కనిపిస్తే మా బాబాయి చెయ్యి ఊరుకోదు. పాడైనదాన్ని ఎవరైనా విప్పుతారు. పాడవకముందే విప్పడం ఆయన ప్రత్యేకత. జీవితమంతా రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసిన మనిషి. రిటైరయ్యాక ఆయన ఇంట్లో వస్తువులన్నీ బిక్కుబిక్కుమంటూ పనిచేసేవి.

"గడియారం టైము సరిగ్గానే చూపిస్తోంది కదండీ!" అనేది పిన్ని.

"అదే నా అనుమానం," అంటూ స్క్రూడ్రైవర్ తీసేవాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఏది విప్పినా పొద్దుగూకేలోపు బిగించేసేవాడు. ఆ ఒక్క విషయంలో ఆయన గర్వానికి పట్టపగ్గాలుండేవి కావు.

ఏటా పండక్కి బంధుబలగమంతా ఆయన ఇంట్లోనే దిగేది. అందరికీ పిన్ని చేతి వంటే కావాలి. మేమంతా ముందుగదిలో పేకాడుకుంటుంటే, ఆవిడ వంటింట్లో మోకాళ్ళు పట్టుకుని నిలబడి "ఇంకెవరికి కావాలర్రా?" అని కేకేసేది. వద్దనడం ఆవిడకు చేతకాదు. చాలనడం మాకు చేతకాదు.

పోయినేడు సరిగ్గా పండగ ముందురోజు బాబాయి స్టవ్ విప్పాడు. బర్నర్లు కిటికీలోకి, గొట్టాలు మంచం మీదికి చేరాయి. పొద్దుగూకింది. స్టవ్ అలాగే ఉంది. నట్టు ఒకటి కనబడటం లేదని ప్రకటించాడు.

అత్తయ్య ఫోన్లో అరిచింది. "ఇంత చెయ్యి తిరిగినవాడివి, ఒక స్టవ్ బిగించలేవా అన్నయ్యా?"

"వయసైపోయిందే. చేతకావడం లేదు."

పండగ అత్తయ్య ఇంటికి మారింది. పేకాడేవాళ్ళందరి చేతికీ కత్తిపీటలొచ్చాయి. విప్పిన స్టవ్‌ని వదిలి రాలేనన్నాడు బాబాయి. ఆయన్ని వదిలి రాలేనంది పిన్ని.

నాది హార్డ్‌వేర్ షాపు. పాపం, పండగ పూట పస్తుంటారేమోనని డబ్బా నిండా నట్లు పట్టుకెళ్ళాను. పిన్ని వాలుకుర్చీలో కూర్చుని, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని రేడియో వింటోంది. బాబాయి స్క్రూడ్రైవర్‌తో రొట్టెకు జామ్ రాస్తున్నాడు.

"కడిగిందేలే," అన్నాడు నా చూపు చూసి.

"నట్లు తెచ్చాను బాబాయ్."

"సరిపోవు."

"డబ్బా మూతైనా తియ్యలేదు కదా?"

"తెలుస్తుందిరా," అని ఫ్లాస్కు తీసుకుని టీకొట్టుకు వెళ్ళిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, పిన్ని గొంతు తగ్గించింది. "ఆ నట్టు ఆయన చొక్కా జేబులోనే ఉందిరా. పొద్దున ఉతకబోతే దొరికింది. మళ్ళీ అక్కడే పెట్టేశాను."

"మరి అడగలేదా?"

"అడిగితే బిగించేస్తారుగా!" అని కాళ్ళు ఇంకాస్త చాపుకుంది. "పండగ పూట కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదురా. బాగుంది."

అంత గర్వమున్న మనిషి, చుట్టాలందరి చేతా చేతకానివాడనిపించుకుని హాయిగా టీ తేవడానికి వెళ్ళాడు. నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. డబ్బా చంకలో పెట్టుకుని వచ్చేశాను.

ఈ ఏడు పండగ దగ్గరపడుతుండగా పిన్ని నుంచి ఫోను.

"ఒరేయ్, మీ బాబాయి స్క్రూడ్రైవర్ ఎక్కడో పెట్టి మర్చిపోయారు. నీ షాపులోది ఒకటి వెంటనే పంపు. స్టవ్ మరీ బాగా పనిచేస్తోంది."