నౌపడ మడుగులో ఎర్రముక్కు బాతు

టెక్కలిలో డయాలసిస్ అయ్యాక మా ఆవిడ ఆటోలో మాట్లాడదు. కళ్లు మూసుకుని నా భుజం మీద వాలిపోతుంది. ఇంటికెళ్లే దారిలో, నౌపడ మడుగుల దగ్గర ఆటో ఆపించి, కాస్త గాలి తగులుతుందని గట్టు మీద కూర్చోబెడతాను. నిజానికి అది నా పిట్టల పిచ్చి కోసమే. ఆవిడకీ తెలుసు.

ఆ రోజు నాకూ ఒంట్లో ఓపిక లేదు. ఎన్నాళ్లని ఇదే దారి, ఇదే ఎండ! అలవాటు కొద్దీ బైనాక్యులర్స్ ఎత్తాను. సూదితోక బాతుల మధ్య పెద్దగా, తెల్లగా ఒకటి కనబడింది.

"ఎవరి పెరట్లోదో తప్పిపోయి వచ్చినట్టుంది," అంది ఆవిడ.

నాకు చిరాకేసింది. "పెరట్లో బాతుకి అంత ఎర్రటి ముక్కు ఎక్కడుంటాది? రొమ్ము మీద ఇటుకరంగు పట్టీ సూడు. షెల్‌డక్ అది. ఇన్నేళ్లలో ఇక్కడ నేనెప్పుడూ సూడనేదు. హిమాలయాల అవతలి నుంచి వచ్చుంటాది."

ఆవిడ బైనాక్యులర్స్ తీసుకుని చాలాసేపు చూసింది. బాతు నీళ్లలో ముక్కు ముంచి తలెత్తింది.

మా ఉద్దానంలో గడప తొక్కిన చుట్టానికి ఎవరమూ బోరు నీళ్లు తాగడానికివ్వం. కాళ్లు కడుక్కోమని బకెట్టు చూపిస్తూనే, "ఇవి తాగకండి, టిన్ను నీళ్లు తెత్తాను," అంటాం. కిడ్నీలు పోయేది ఆ నీళ్ల వల్లేనని మా భయం.

ఆవిడ బైనాక్యులర్స్ నా ఒళ్లో పెట్టేసింది.

"అంత దూరం నుంచొచ్చింది పాపం," అంది. "ఇక్కడి నీళ్లు తాగొద్దని దానికెవరూ సెప్పనేదేటి?"