ఊదే ముందు పీల్చిన గాలి

ఆ రోజు చెక్క మీద కుక్క చెవి కోస్తున్నాను. గీత మీద పడ్డ రంపపు పొట్టు ఊదబోతే ఊపిరి అందలేదు. మళ్లీ ప్రయత్నిస్తే ఛాతీలోంచి పిల్లికూతలు. జలుబనుకున్నాను. బి.ఏ. చదివినదాన్ని, నాకు తెలియదా అని పొగరు.

ముందు నా పని చెప్పాలి. మా ఊరి పాత టౌన్లో వడ్రంగి మస్తాన్ గారు కుట్టుమిషను స్టాండుకి సన్న రంపం బిగించి ఇచ్చారు. కాలితో తొక్కుతుంటే రంపం పైకీ కిందికీ ఆడుతుంది. రెండు చేతులతో చెక్కని గీత వెంట తిప్పుకోవాలి. నలుపుకి రోజ్‌వుడ్, పసుపుకి పనస, గోధుమరంగుకి టేకు. ముక్కలన్నీ అతికిస్తే ఓ కుక్క ముఖమో, లేడి ముఖమో అవుతుంది. "సేతులు తియ్యకండమ్మా, రంపం దారి తప్పుద్ది. నోటితోనే ఊదాల," అని నేర్పింది ఆయనే. ఆయన వీధరుగు మీద గాలికి కూర్చుని ఊదేవారు. నేను గదిలో.

మా ఇల్లు హార్బరుకి దగ్గర. అక్కడ ఓడలకెత్తే ఇనపఖనిజం దుమ్ముకి, ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఎర్రబడేది. దగ్గు మొదలవగానే దోషి ఎవరో తేల్చేశాను. గది కిటికీలన్నీ మూసి, సందుల్లో పాత పేపర్లు అతికించాను. నా ఛాతీలోకీ ఎర్రదుమ్ము రాదు, నా పనసచెక్క మీదా మరక పడదు. ఆ గదిలో రోజుకి ఆరేడు గంటలు కూర్చునేదాన్ని.

ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసేవాడు, "ఏం చేస్తుంటారు?" అనడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన, "ఏటీ సెయ్యదండి, ఇంట్లోనే ఉంటాది," అన్నారు. 'హౌస్‌వైఫ్' అని రాసుకున్నాడు. కూరలమ్మేవాడి తూకం దగ్గర కూడా తగ్గని నేను ఆ ఒక్క మాట వదిలేశాను. బొమ్మలు కోయడం కూడా పనే అనడానికి నాకే నోరు రాలేదు.

ఎక్స్‌రే తీసి టీబీ కాదన్నారు. రక్తంలో ఈసినోఫిల్స్ ఎక్కువని మాత్రలిచ్చారు. మూడు వారాలు మింగితే వాంతులే మిగిలాయి. భీమిలిలో అక్క ఇంట్లో పది రోజులుంటే మాత్రం ఛాతీ తేలికపడింది. "చూశారా, ఇది హార్బరు దుమ్మే," అని మా ఆయన్ని సాధించి, ఇంటికి రాగానే కిటికీలకి ఇంకో పొర పేపరు అంటించాను. మూడో రోజు పొద్దున్న రిక్షా ఎక్కేసరికి నా పెదాలు నీలంగా ఉన్నాయట. ఆక్సిజన్, అమినోఫిలిన్ ఇంజక్షన్. పక్క మంచం మీది చేపలమ్మే ఆవిడ నన్ను తేరిపార చూసి, "ఏటమ్మా, ఒడ్డున పడ్డ సేపలాగ నోరు తెరుత్తన్నావు?" అంది. తిట్టడానికి ఊపిరి లేదు.

మూడేళ్లు అదే తిరుగుడు. ఆసుపత్రి, భీమిలి, మళ్లీ ఆ గది. స్టెరాయిడ్లకి ముఖం ఉబ్బి అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేదు. చచ్చిపోతానని కాదు, చావకుండా ఇలాగే ఉండిపోతానని ఏడ్చేదాన్ని.

ఛాతీ డాక్టరుగారితో ప్రతిసారీ గొడవే. "హార్బరు దుమ్మైతే మీ వీధిలో అందరికీ రావాలి కదమ్మా?"

"అందరూ నా ఊపిరితిత్తులు పెట్టుకుని పుట్టారా?"

అంతలా వాదించినందుకు సిగ్గేసి, ఓసారి ఆయనకి లేడి ముఖం పట్టుకెళ్లాను. గుడ్డ విప్పితే చెవి మడతలో పొట్టు కనిపించింది. అలవాటు చొప్పున ఊదాను. ఐదు నిమిషాల్లో పిల్లికూతలు. ఇంజక్షన్ పనిచేసి నేను తేరుకున్నాక ఆయన అడిగారు.

"ఇందాక ఏం చేశారు?"

"ఊదాను."

"ఊదే ముందు?"

ఊదాలంటే ముందు గాలి పీల్చాలి. రంపం పట్టిన ఏడేళ్లుగా, అందులో మూడేళ్లు మూసిన గదిలో, ప్రతి గీతకీ పీల్చాను.

ఆయన నా కేస్‌షీటు మొదటి పేజీ దాకా తిరగేశారు. "ఇక్కడ హౌస్‌వైఫ్ అని ఉందేంటమ్మా? ఇది అక్యుపేషనల్ ఆస్తమా, చేసే పని వల్ల, ఆ చెక్కపొట్టు వల్ల వచ్చిన ఉబ్బసం. మొదట్లోనే ఆ పని మానేసుంటే తగ్గిపోయేదేమో. ఇప్పుడు చెప్పలేను."

మానేసి రెండేళ్లయింది. తగ్గలేదు. ఇల్లు పెందుర్తికి మార్చాం. బిందెడు నీళ్లు మోస్తే కూర్చుండిపోతాను. రంపం మస్తాన్ గారు తీసుకెళ్లారు. "మీరైనా ఊదడం మానండి," అంటే, "అలవాటైపోనాదమ్మా," అని నవ్వి, దగ్గారు. ఆ దగ్గు నేను గుర్తుపట్టాను.

గోడ మీద ఓ ఎద్దు ముఖం ఉంది, ఒక కన్ను లేకుండా. "మస్తాను సేత కన్ను కోయించి ఎట్టిత్తానే," అంటారు మా ఆయన. వద్దంటాను. ఆ కన్ను రోజ్‌వుడ్‌తో కోయాలి. కోసేవాళ్లు ఊదాలి.

చదివేవాళ్లకి ఒక్కటే చెబుతాను. ఆసుపత్రిలో ఏం చేస్తుంటారని అడిగితే మీ నోటితో మీరే చెప్పండి. పొద్దుట్నుంచీ మీ చేతులు ఏం పట్టుకుంటాయో, ఏ గదిలోనో, కిటికీలు తెరిచో మూసో, అంతా చెప్పండి. పక్కనున్నవాళ్లు మీ బదులు జవాబిస్తే అక్కడే ఆపండి. ఆపడానికి నాకు ఊపిరి ఉన్న రోజున నేను ఆపలేదు.