పని దగ్గర ఆగే వాచీ

ఆదివారం ఆ వాచీకి ఏ జబ్బూ ఉండేది కాదు. ఇంట్లో పొద్దుట్నుంచి రాత్రిదాకా బుద్ధిగా నడిచేది. సోమవారం ఫ్యాక్టరీకి కట్టుకెళ్తే చాలు, సాయంత్రానికి లోకం ఒక దారి, అదొక దారి.

రోడ్డు పక్కన గుట్టపోసి అమ్మే రకం. కొన్నావిడ స్పీకర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల దగ్గర పనిచేస్తుంది. తయారైన స్పీకర్‌ను ఎడమచేత్తో వెనకనుంచి పట్టుకోవాలి, కుడిచేత్తో తీగలు లాగి చూడాలి, గట్టిగా ఉంటే ముందుకు తొయ్యాలి. రోజంతా ఇదే.

సోకు కోసం కొన్నది కాదు. ఫోన్లు గేటు దగ్గరే లాగేసుకుంటారు. గడియారమేమో సూపర్‌వైజర్ గదిలో, ఆయనకు తప్ప ఇంకెవరికీ కనపడని గోడకు ఉంటుంది. భోజనానికి అరగంట అని పనిలో చేరినప్పుడు చెప్పారు. కానీ రెండో గిన్నె మూత తీసేలోపే బెల్లు మోగుతుంది. ఆ గిన్నె అలాగే ఇంటికి తిరిగి వెళ్తుంది. నిజంగా అరగంటే ఇస్తున్నారా, లేక ఆకలి మీదున్న మనిషికి అలా అనిపిస్తుందా? ఆమె తెలుసుకోవాలనుకున్నది అంతే. తినే వేళకు కూడా తామే కాపలా కాసుకోవాల్సి వస్తే, సిగ్గుపడాల్సింది కాపలా కాసేవాళ్లు కాదు.

వాచీ కట్టుకెళ్లిన మొదటిరోజు భోజనాల దగ్గర టైమెంతయిందో ఆమె చూడలేదు. బెల్లుకీ బెల్లుకీ మధ్య పెద్దముల్లు ఎంత జరిగిందో అదొక్కటే చూసింది. ఇరవై నిమిషాలు. నేరుగా వెళ్లి అడిగేసింది.

"సార్, పది నిమిషాలు ముందే కొట్టేశారు."

సూపర్‌వైజర్ కోప్పడలేదు. గదిలోంచి గడియారం ఊడదీసి తెచ్చి, ఆమె చేతి పక్కన పట్టుకున్నాడు. వాచీ గంటకు పైగా వెనకబడి ఉంది.

"దీన్ని నమ్ముకునా నామీదికొచ్చావు? ముందు దాన్ని టైముకు డ్యూటీకి రమ్మనమ్మా!"

బల్లలన్నీ గొల్లుమన్నాయి. ఆ పూటతో ఆమె పేరు పోయి 'వాచీ వదిన' అయింది. పక్కబల్ల అమ్మాయి మాత్రం గేటు దాటాక నెమ్మదిగా అంది, "వదినా, దాన్ని బాగుచేయించు. అది బాగుపడితేగానీ మన మాట ఎవడూ వినడు."

వాచీల రిపేరు అతను కొత్త బ్యాటరీ వేసి, రెండ్రోజులు తన దగ్గరే ఉంచుకుని ఇచ్చాడు. "నా దగ్గర సెకను తేడా రాలేదమ్మా." ఫ్యాక్టరీకి వెళ్లగానే మళ్లీ అదే పాట. రెండోసారి పట్టుకెళ్తే అతను తల గోక్కున్నాడు.

"లోపలి మిషన్ మార్చాలి. ఆ ఖర్చుతో ఇలాంటివి రెండొస్తాయి. మరి మీ ఇష్టం."

"జబ్బేంటో చెప్పకుండా మందేస్తానంటావేంటన్నా?"

అతను నవ్వేశాడు. ఆలోచించుకుని వస్తానని ఆమె వాచీ వెనక్కి తీసుకుంది. పారేయాలంటే మనసొప్పడం లేదు. మార్పించాలంటే నమ్మకం కుదరడం లేదు. అన్నిటికంటే, ఇంట్లో నడిచేది అక్కడెందుకు ఆగుతోందన్న ప్రశ్న పంటి సందులో పీచులా వదలడం లేదు.

అత్తగారైతే అప్పుడే తేల్చేసింది. "పనంటే ఒళ్లు బరువే దానికి. నీ మొగుడి పోలిక."

"అంటే మీ పెంపకమేగా అత్తయ్యా."

"నోరు చూడు! ఇటొచ్చి రేడియో పట్టుకో."

ముసలావిడ రేడియోకి వెనక మూత ఎప్పుడో పోయింది. లోపల ఒక తీగ వదులు. ఎవరో ఒకరు చెయ్యిపెట్టి దాన్ని అదిమి పట్టుకుంటేనే పలుకుతుంది. కోడలు ఎడమచెయ్యి లోపలికి పెట్టింది. వార్తల ముందు టైము చెప్తారుగా, వాచీ సరిచేసుకుందామని ముల్లు మీదే చూపు నిలిపింది.

సెకన్ల ముల్లు ఉన్నచోటే వణికి, నిలబడిపోయింది.

చెయ్యి బయటికి తీసింది. నడిచింది. పెట్టింది. ఆగింది.

"రేడియో కూడా ఆగిపోతోంది, చెయ్యి తియ్యకే!"

"ఆగండత్తయ్యా... దీని స్పీకర్ వెనక అయస్కాంతం!"

రోజంతా తన చేతిలో ఉండేదీ అదే. బల్ల మీద స్క్రూడ్రైవర్ ఎగిరొచ్చి స్పీకర్ వెనక అతుక్కుంటుంటే ఎన్నిసార్లు విసుక్కుని లాగిపారేసింది! వాచీకి ఏ జబ్బూ లేదు. ఎడమచేతికి కట్టుకోవడమే తప్పు.

మర్నాడు పనికి వెళ్తూ రిపేరు అతనికి చెప్పేసింది, "మిషన్ వద్దన్నా. పట్టీ తీసేసి, పిన్నుతో భుజానికి తగిలించుకునేలా చెయ్యి." జరిగింది విన్న అతను పట్టీ ఊడదీస్తూ, "నా బల్ల మీద అయస్కాంతం లేదుగా, ఇంక నాకెలా దొరుకుతుందమ్మా!" అని తనలో తనే నవ్వుకున్నాడు.

సగం దారిలో ఆమె టక్కున ఆగింది. వాచీ ఆగేది స్పీకర్ పట్టుకున్నంతసేపే. మరి భోజనం దగ్గర స్పీకర్ ఎక్కడిది? అంటే ఆ రోజు చూసిన ఇరవై నిమిషాలు నిజంగా ఇరవయ్యే! తను తప్పని అందరితోపాటు తనూ నమ్మేసింది.

ఆ మధ్యాహ్నం భుజం మీది వాచీ తీసి భోజనాల బల్ల మధ్యలో పెట్టింది. ఎందుకో చెప్పింది. గిన్నెల కంటే ముందు దాని చుట్టూ తలలు మూగాయి. ఇరవై నిమిషాలకు బెల్లు మోగింది. ఒక్కరూ మూత పెట్టలేదు.

సూపర్‌వైజర్ వచ్చాడు. "ఏంటిది? మళ్లీ ఆ ఆగిపోయే వాచీయేనా?"

"ఇది ఆగేది పని దగ్గర సార్. తిండి దగ్గర ఆగదు. కావాలంటే మీ గడియారం తెచ్చి పక్కన పెట్టండి, రేపు బెల్లు నుంచి బెల్లు దాకా రెండూ కలిపి చూద్దాం."

ఆయన గది వైపు ఒకసారి చూశాడు గానీ కదల్లేదు.

"కూర్చోండి సార్, నిలబడితే టైము గడవదు," అంది పక్కబల్ల అమ్మాయి.

ఈసారి బల్లలు గొల్లుమన్నది ఆయన్ని చూసి. వాచీ వదిన నవ్వుతూనే, రెండో గిన్నె మూత తీసింది.