గడ్డి కింద దుంపలు

కోడూరులో మా ఇంటి చుట్టూ పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాక, మిగిలిన పది సెంట్ల చెక్కని కూడా పక్క చెరువాయనకి లీజుకిచ్చేద్దామని మా ఆయన పట్టుబట్టారు. దున్ని వదిలితే చాలు, తెల్లగా ఉప్పు పూస్తోంది. చెక్క మా అత్తగారి పేరున ఉంది. కొడుకు తానా అంటే ఆవిడ తందానా. నాకు ఒళ్లు మండిపోయింది. అదీ పోతే గుమ్మం దిగాక ఇక మట్టే ఉండదు, అంతా నీళ్లే.

"ఒక్క పంట చూడండి. బంగాళాదుంపలు వేస్తాను. దున్నను, తవ్వను," అన్నాను.

"తవ్వకుండా బంగాళాదుంపలా? గాల్లో కాస్తాయా?" అని నవ్వారాయన.

"మినుములు తడి చేలో చల్లి వదిలేస్తాం కదండీ, ఎవరు దున్నారు?"

ఊరవతల చేలల్లో వరి కోతలయ్యాక, గుడివాడ నుంచి తెచ్చిన విత్తన దుంపల్ని తడి నేల మీద పరిచి, పైన మోకాలి లోతు వరిగడ్డి కప్పాను. తర్వాతి రోజులన్నీ కలలోలా గడిచాయి. తెల్లారేసరికి మంచు, ఆ మంచులో ఎక్కడో చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు. గడ్డిలోకి చెయ్యి పెడితే, నిద్రపోతున్న పిల్ల దుప్పట్లో పెట్టినట్టు వెచ్చగా ఉండేది. ఆకులు గడ్డిని చీల్చుకుని పైకొచ్చిన రోజు, ఎవరికీ చెప్పకుండా అక్కడే చాలాసేపు కూర్చున్నాను. ఎంత సంతోషమో!

కానీ ఒక పక్క గడ్డి పల్చబడుతూ వచ్చింది. వాన లేదు, గాలి లేదు. ఓ ఉదయం చూద్దును కదా, మా అత్తగారు గడ్డి చంకన పెట్టుకుని మంచులో గేదె దగ్గరికి వెళ్తున్నారు.

"అత్తయ్యా! అదేంటండీ?"

"నేల మీద పారేసిన గడ్డేగా అమ్మాయ్. నోరులేని జీవం," అన్నారు నిమ్మకు నీరెత్తినట్టు. గడ్డి కనబడితే గేదెకి వెయ్యకుండా ఈ దివిసీమలో ఎవరి చెయ్యి ఊరుకుంటుంది! అయినా గట్టిగా అరిచాను. వారం రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.

ఆకులు పండి వాలిపోయాక ముగ్గురం కూర్చుని గడ్డి తీశాం. పల్చబడ్డ వైపు దుంపలన్నీ ఎండ తగిలి ఆకుపచ్చగా మారి చేదెక్కాయి, కూరకి పనికిరావు. మా ఆయన చెరువాయనకి కబురు చెప్పడానికి ఫోను తీశారు.

ఈలోగా అత్తగారు అవతలి చివర గడ్డి ఎత్తారు. కింద తెల్లటి దుంపలు, మట్టి కూడా సరిగా అంటలేదు. ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని, దాని వంక, పచ్చబడ్డ వాటి వంక మార్చి మార్చి చూశారు.

"నేను లాగిన మేరే పాడైందిరా," అన్నారు కొడుకుతో. "తప్పు నాది, నేలది కాదు. ఆ ఫోను లోపల పెట్టు. నేను సంతకం పెట్టను."