కళావతి వద్దన్న వన్స్‌మోర్

సత్తుపల్లి పాత సినిమా హాలులో సినిమాలు ఆగిపోయి చాలా ఏళ్లయింది. కుర్చీల్లో స్పాంజి పోయింది, నల్లులు మాత్రం పోలేదు. ఆ మధ్యాహ్నం రేకుల కప్పు కింద జనం ఉడికిపోతున్నారు. అయినా ఒక్కరూ లేవడం లేదు. పౌరాణిక పద్యనాటకమంటే ఈ వైపు మనుషులకు అంత పిచ్చి.

ఆట మొదలుకాకముందే కళావతి వరసవరసకూ తిరుగుతోంది. రాజు వేషం ఆమె భర్త దూలయ్యది. పామాయిల్ తోటలో గెలలు కోసే మనిషి, కిరీటం పెట్టాడంటే సొంత పెళ్లాన్ని కూడా ‘ఎవరక్కడ?’ అని పిలుస్తాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ వేషాలు కుట్టిందీ, ఉతికిందీ, తెర పక్కన మిరియాల పాలతో కాచుక్కూర్చుందీ ఆమే. ఇప్పుడు కోడలు జ్యోత్స్న ఆ పని అందుకోబట్టి, ఎదురుగా కూర్చుని చూసే భాగ్యం ఇన్నాళ్లకు దొరికింది.

తీరా దొరికితే మనసు మనసులో లేదు. చలికాలం నుంచి దూలయ్యకు ఉబ్బసం. రాగం సాగదీయొద్దని డాక్టరు చెప్పినా వినడు. పైగా పద్యం బాగుంటే మన జనం ఊరుకుంటారా? వన్స్‌మోర్ అంటారు. అంటే మళ్లీ పాడి తీరాలి. ఒకసారికే ఊపిరి చాలనివాడు రెండోసారికి ఏమైపోతాడోనని ఆమె భయం.

"రాంబాబూ, నీకు దండం పెడ్తా. మీ బావ పద్యం పాడినంక వన్స్‌మోర్ అనకు. ఆయన పానం బాగలేదు," అంది ముందు వరసలో ఉన్న తమ్ముడితో.

"అననక్కా. నా పక్కోళ్లను గూడ అననియ్య."

అలా చివరి వరసదాకా అందరినీ బతిమాలుకుంది. కాదన్నవాళ్లు లేరు. ఆమె నోటికి జడిసి కొందరు, దూలయ్య మీది ప్రేమతో మిగతావాళ్లు ఒప్పుకున్నారు.

రాజ్యం పోయిన రాజు అడవిలో పాడే పద్యం వచ్చింది. డాక్టరు వద్దన్న రాగమే దూలయ్య తీశాడు. పైపైకి తీసుకెళ్లి, అక్కడ కాసేపు నిలబెట్టి, మెల్లగా దించాడు. ఇంట్లో చారులో ఉప్పు లేదని అరిచే గొంతు ఇదేనా అని కళావతి ఆశ్చర్యపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

చప్పట్లు మోగి ఆగాయి. ఆ మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. హాలంతా ఇచ్చిన మాట మీద నిలబడింది.

దూలయ్య ముందుకు సాగలేదు. జనం వంక చూస్తూ ఆగాడు. హార్మోనియం రామ్‌చందర్ కూడా మెట్ల మీద వేళ్లు ఉంచి ఎదురుచూశాడు. రాజు ముఖం మెల్లగా వాడిపోయింది. నా గొంతు పోయిందా అని ఒక్కొక్క వరసనూ అడుగుతున్నట్టుంది ఆ చూపు. ఇది కళావతి తన చేతులారా చేసింది. రాంబాబు వైపు చూస్తే వాడు తల దించుకుని కూర్చున్నాడు.

ఆమె లేచి నిలబడింది.

"వన్స్‌మోర్!"

హాలంతా అటు తిరిగింది.

"ఏందక్కా, వద్దన్నది నువ్వే గదా!" అన్నాడు రాంబాబు.

"నోర్మూస్కొని చప్పట్లు కొట్టురా," అంది కళావతి ఏడుస్తూ.

రంగం మీద దూలయ్య గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.