మైకులో చదివిన నా రూపాయి

నా గోడు ఇన్నాళ్లూ ఎవరూ వినలేదు. మొదలుపెట్టగానే మా ఆవిడకు పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. మీరైనా వినండి. నా పరువు మైకులో పోయిన కథ ఇది.

మధురానగర్‌లో మా గృహప్రవేశానికి యాదగిరి వచ్చాడు. పంజాగుట్టలో మా ఆఫీసు లిఫ్టు చూసే మనిషి, రోజూ అమీర్‌పేట టీ బండి దగ్గర నాతో టీ తాగే మనిషి. అతనిచ్చిన కవరు విప్పితే, పైన అంటించిన రూపాయి తప్ప లోపలంతా గాలే! నాకు మరుపనే జబ్బు లేదు. రెండేళ్లు ఆ కవరును బీరువాలో ఇంటి పత్రాల పక్కన దాచాను. వినే చెవి దొరికితే చాలు, చెప్పాను. యాదగిరికి తప్ప.

చివరికి బోరబండలో వాళ్లమ్మాయి పెళ్లి వచ్చింది. రూపాయి అంటించిన కొత్త కవరు కొని, నా పేరూ, పక్కన మధురానగర్ అనీ రాసి, ఖాళీగానే అంటించేశాను.

"ఐదొందలైనా పెట్టండి, బాగోదు," అంది మా ఆవిడ.

"అతను పెట్టాడా?"

మా వాళ్ల పెళ్లిళ్లలో కవర్లు ఇంటికెళ్లాకే విప్పుతారు. ఇక్కడా అంతేననుకోవడం నా తెలివి. కవరు ఇచ్చేసి, తీరిగ్గా బగారా అన్నం కలుపుకుంటుంటే మైకు గరగరలాడింది. యాదగిరి బావమరిది ఒక్కో కవరూ చింపి, పుస్తకంలో రాయిస్తూ, పైకి చదువుతున్నాడు!

"పోచయ్య మామ, వెయ్యి నూటపదహార్లు! మధురానగర్ సారు..." ఆగాడు. కవరు బోర్లించి దులిపాడు. "గిదేంది భాయ్, లోపల ఏం లేదు! సారుది ఒక్క రూపాయేనా?"

హాలంతా నా వైపు తిరిగింది. ముద్ద ఎత్తిన చెయ్యి, రెండంతస్తుల మధ్య లిఫ్టులా, విస్తరికీ నోటికీ మధ్య ఆగిపోయింది.

యాదగిరి పరుగున వెళ్లి మైకు లాక్కున్నాడు. "సారు పొద్దుగాలనే నా చేతికిచ్చిండు. వెయ్యి నూటపదహార్లు రాయి!"

తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి సారూ. మీ ఇంటి పూజకు నాది సుత ఖాళీ కవరే. ఆ నెల జీతం రాలే. ఒట్టి చేతులతోని రావద్దని తెచ్చిన. మీరు ఎవ్వరికీ చెప్పలే. గంత పెద్ద మనసు మీది. ఇప్పుడు మీకు సుత జర కష్టం ఉన్నట్టుంది. నాకు సమజైంది."

తలొంచుకుని మజ్జిగ తాగాను. ఇంకేం చేయను?

ఆ వెయ్యి నూటపదహార్లు ఇవ్వబోతే తీసుకోడు. "రాసినం గదా సారూ, ముట్టింది," అంటాడు. పైగా అప్పటి నుంచి నా టీ డబ్బులు కూడా అతనే ఇస్తున్నాడు!

అమీర్‌పేట టీ బండి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఖాళీ కవరు ఇవ్వను, ఎవరి కవరులోకీ తొంగిచూడను. కానీ యాదగిరీ, ఇవ్వని కట్నాన్ని ఎన్నాళ్లు మోయమంటావు? ఎన్నిసార్లడిగినా 'ముట్టింది' అని నవ్వేస్తావు. తీసుకుంటావా, లేదా? ఇప్పటికైనా తేల్చి చెప్పు.