సర్కారు ముష్టి, అసిరయ్య ఎద్దు

అరవై ఎనిమిదో సంవత్సరం వేసవిలో ఒక మంగళవారం ఉదయం, సర్కారు అప్పు తినేవాడికి మీసాలెందుకని నలుగురినీ నిలదీస్తూ సువ్వారి అసిరయ్య టీ దుకాణం బల్ల మీద నుంచి నేల మీదకి దిగాడు. దిగాలని అతను అనుకోలేదు. బల్ల అవతలి చివర కూర్చున్న జోగయ్య, ఆమదాలవలస బస్సు హారను విని లేచాడు. ఆ బల్లకి కాళ్ళు రెండూ మధ్యలోనే ఉంటాయి. ఒక కొస తేలికైతే రెండో కొస ఏం చెయ్యాలో అది చేసింది.

"దెబ్బ తగిలినాదేటి బావా?" అన్నాడు జోగయ్య.

అసిరయ్య నేల మీద కూర్చునే, టీ గ్లాసు తొణకనివ్వకుండా పట్టుకుని, "ఎల్లెల్లు. ముష్టోళ్ళ బస్సు ఎల్లిపోతాది," అన్నాడు.

జోగయ్య అతని బావమరిది. పంచాయతీ సమితిలో గేదె కోసం అప్పు తీసుకున్నాడు. ఆ రోజు వాయిదా కట్టడానికి వెళుతున్నాడు.

అసిరయ్యకి పిత్రార్జితంగా నాగావళి పక్కన రెండెకరాల పల్లం, ఎకరం మెట్ట వచ్చాయి. ఎదటివాడి మీద చిన్నచూపు మాత్రం స్వార్జితం. దాన్ని అతను పొలం కంటే శ్రద్ధగా సాగు చేశాడు, ఏ ఏడూ పంట తప్పలేదు. సమితి గ్రామసేవకుడు జగన్నాధం సైకిలు మీద వచ్చి కొత్తరకం వరి గురించి చెబితే, "సైకిలుకి బ్రేకు నేదు గానీ దేశానికి దారి సెప్తాడు," అన్నాడు. కొత్తరకం బియ్యం వండుకున్న ఇంటి ముందు ఆగి, "పశువుకి ఎట్టి సూడండి, తిరిగి మీ మొకం సూస్తాది," అన్నాడు. జోగయ్య గేదెకి 'గవర్మెంటు గేదె' అని పేరు పెట్టాడు. దాని పాలు కాదుకదా, మజ్జిగ కూడా ముట్టేవాడు కాదు. ఏప్రిల్ ఎండలో నాలుక పిడచకట్టి వచ్చినా, జోగయ్య భార్య గ్లాసు పట్టుకొస్తే నూతి దగ్గరికి నడిచేవాడు.

అతని శాస్త్రం ఒక్క మాటలో తేలిపోయేది. షావుకారు చినబాబు దగ్గర తెచ్చుకున్నది అప్పు. సమితి ఇచ్చేది ముష్టి. చినబాబు తన అరుగు మీద కూర్చోమంటాడు, పిల్లల్ని పేరుపేరునా అడుగుతాడు, కాగితం లేకుండా మొలలోంచి తీసి ఇస్తాడు. వడ్డీ సమితి వడ్డీకి మూడింతలు. మర్యాద ఊరికే రాదు మరి.

మే నెల సగంలో అసిరయ్య ఎద్దు ఒకటి కడుపుబ్బి చచ్చిపోయింది. అరకలో కుడివైపు నడిచేది, వలపటి ఎద్దు. ఎడమవైపు నడిచే దాపటి ఎద్దు మిగిలింది. అది చిన్నప్పటి నుంచీ ఎడమ పక్కనే నడిచి పెరిగినది. కుడి పక్కన కడితే తన చోటేదో ఎవరో లాక్కున్నట్టు నేల మీద పడుకుంటుంది. తొలకరి మూడు వారాల్లో ఉంది. వానకి జత లేకపోతే పొలం ఇంకొకరికి పాలుకి ఇచ్చుకోవాలి. ఒకసారి పాలుకి పోయిన పొలం తిరిగి ఇంటిదారి పట్టడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు.

అసిరయ్య తలగుడ్డ సవరించుకుని చినబాబు ఇంటికి వెళ్ళాడు.

చినబాబు పడక్కుర్చీలో ఉన్నాడు. సంగతి విని, "అయ్యయ్యో, బంగారంలాంటి ఎద్దురా," అన్నాడు. "కొంచెం ఆగు. సమితిలో నూతి లోను శాంక్షనయింది. చేతికి రాగానే నీకు సర్దుతాను."

"తవఁరు నుయ్యి తవ్విస్తన్నారేటి బాబూ?"

"తవ్వడమేమిట్రా? మా నాన్నగారు తవ్వించిన నుయ్యి ఉందిగా! ఆఫీసరు వచ్చి తొంగి చూశాడు. నీళ్ళు బాగున్నాయన్నాడు."

"అయితే... తవఁరు నాకిచ్చీది..."

"మరి డబ్బు నా పెరట్లో కాస్తుందనుకున్నావా? కిందటేడు నీకిచ్చింది ఎరువుల లోను. నీ ఇంటికి పెంకు వేయించుకున్నావే, అది సొసైటీ లోను. ఎక్కడిదైతే నీకేం, పని జరిగింది కదా." చినబాబు ఇదంతా దాచుకోకుండా, వాన పడేటట్టుందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. "ఒకవేళ నా లోను ఆలస్యమైతే బెంగపెట్టుకోకు. నీ పొలం మా పాలేళ్ళు దున్నేస్తారు. పంటలో సగం నీకే!"

ఆ 'నీకే' అన్న మాట చెవిలో పెట్టుకుని అసిరయ్య ఇల్లు చేరాడు. లోపలికి పోకుండా వాకిట్లో నిలబడి ఇంటికప్పు చూశాడు. పెంకులు పెంకుల్లాగే ఉన్నాయి. సర్కారు ముద్ర దేని మీదా లేదు.

అతని భార్య కూర్మమ్మ గడప మీద అడ్డపొగ కాలుస్తోంది. చుట్ట నిప్పు వైపు నోట్లో ఉన్నా ఆవిడ మాటకి అడ్డం రాదు.

"ఏటయినాది?"

"ఏటీ అవనేదు."

"ఏటీ అవనోడు ఇంటికప్పు నెక్కెట్టడు. సెప్పు."

చెప్పాడు. చాలా ముఖ్యమైన సందర్భాల్లో తప్ప కూర్మమ్మ నోట్లోంచి చుట్ట తియ్యదు. తీసింది.

"అయితే ఇన్నాళ్ళూ మనం ముష్టోడి కాడ ముష్టెత్తినామన్నమాట. అదీ వడ్డీకి!"

"నవ్వకే."

"నాను నవ్వనేదయ్యా. ఇంటే మా తమ్ముడి గేదె నవ్వుతాది. ఎల్లు, ఆడి కాడికి ఎల్లు. సమితి దారి ఆడికి తెలుసు."

"ఆడింటికా?"

"కాదు, చినబాబు నూతి కాడికి. తొంగి సూసి రా, నీళ్ళు బాగున్నాయంట."

జోగయ్య ఇంట్లో ముందు మజ్జిగ వచ్చింది. అసిరయ్య గ్లాసులోకి చాలాసేపు చూశాడు, కళ్ళు మూసుకుని తాగాడు. "పుల్లగున్నాది," అని మూతి తుడుచుకుని, గ్లాసు మళ్ళీ చాపాడు.

మర్నాడు ఇద్దరూ సమితికి వెళ్ళారు. వరండా నిండా జనం. లోపల కుర్చీలు ఉన్నాయి, కానీ అవి పాత నూతుల మీద లోను తీసుకునేవాళ్ళ కోసం. అసిరయ్య స్తంభం పక్కన నిలబడి, అందరికీ వినబడేలా, "ముష్టికొచ్చినోడు కూకుంటాడేటి, నిలబడాల!" అన్నాడు. ఆ వరండాలో ఆ మాటకి నొచ్చుకునే తీరిక ఎవరికీ లేదు.

జగన్నాధం అతన్ని చూసి ఆశ్చర్యాన్ని మింగి, "ఎన్ని ఎద్దులు కావాలండి?" అని అడిగాడు.

"ఒకటి."

"ఒకటి ఇవ్వరండి. స్కీములో జత అనే ఉంది."

"నాకు పోనాది ఒకటే కద బాబూ!"

జగన్నాధం మంచివాడు. నిజంగానే జాలిపడి, "రెండోది కూడా పోయుంటే సులువయ్యేదండి," అన్నాడు.

సర్కారు మీద అసిరయ్యకి అంతవరకూ ఉన్నది వట్టి చిన్నచూపు. ఆ మాటతో దానికి గట్టి పునాది పడింది.

చిక్కు విప్పింది కూర్మమ్మ. జోగయ్య దాపటి ఎద్దు ముసలిదై నాలుగు చాళ్ళకే చతికిలబడుతోంది. "జత తెండి," అంది తమ్ముడితో. "దాపటిది నువ్వు కట్టుకో, వలపటిది మీ బావ కట్టుకుంటాడు. వాయిదా సెరిసగం. సర్కారోడి లెక్కా సరిపోతాది, మన అరకలూ సరిపోతాయి. మగోళ్ళు ఇద్దరు ఎల్లినారు, ఈపాటి తోసనేదేటి?"

అప్పు అసిరయ్య పేరు మీద, జామీను జోగయ్యది. సంతకం పెట్టమంటే అసిరయ్య గుమాస్తా చేత రెండుసార్లు అడిగించుకున్నాడు. ఎంత హీనంగా పెట్టవచ్చో అంత హీనంగా పెట్టాడు. సంతకం పనికొచ్చింది.

డబ్బు రావడానికి రోహిణి కార్తె సగం గడిచింది. రోజూ సాయంత్రం ఆకాశం నల్లబడడం, అసిరయ్య వాకిట్లోకి వచ్చి నిలబడడం. పడమట మెరిసినప్పుడల్లా చినబాబు పాలేళ్ళు గట్టు మీద నిలబడి అతని పొలం కొలతలు చూసుకునేవాళ్ళు. ఆఖరికి సంతలో జత కొన్నారు. వలపటిది తెల్లది, నడక నెమ్మది. దాన్ని ఇంటికి తోలుకొచ్చిన సాయంత్రం అసిరయ్య ఎవరూ లేకుండా చూసి దాని గంగడోలు నిమిరాడు. మనుషులు వస్తున్న చప్పుడై, "సర్కారు గొడ్డు, ఎలగేడుస్తాదో," అని పైకి అన్నాడు.

రెండు రోజుల తరవాత జీపు వచ్చింది. ఆఫీసరు గణపతిరావు దిగి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, పశువులశాలలోకి చూశాడు. అక్కడ ఒక పాత ఎద్దు, ఒక కొత్త ఎద్దు.

"రెండోదేది?"

"జోగయ్య శాలలో ఉందండి," అన్నాడు జగన్నాధం నేల చూస్తూ.

"జత విడగొట్టారా? ఎవరిని అడిగి? నిబంధన తెలుసా? జత జతగా లేకపోతే లోను రద్దు. ఎద్దుని ఇప్పుడే తోలుకుపోతాను."

అసిరయ్య ఎద్దుకి అడ్డంగా జరిగాడు. కూర్మమ్మ చుట్ట తీసింది.

"అప్పిచ్చినారు గానీ బాబూ, ఆటికి పెళ్ళి సెయ్నేదు కదా!"

చూడవచ్చిన వాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. జగన్నాధం దగ్గొచ్చినట్టు పక్కకి తిరిగాడు. గణపతిరావు కోప్పడబోయాడు. ఇంతలో ఈదురుగాలి లేచి రుమాలు ఎగిరిపోయింది, దాని వెనకే చినుకులు మొదలయ్యాయి. జీపుకి పక్కల గుడ్డలు లేవు. మట్టిరోడ్డు నాగావళి వైపు జారుడు. ఆయన జీపులోకి ఉరికి, కాగితం తొడ మీద పెట్టుకుని 'జత ఉన్నది' అని రాసుకుని వెళ్ళిపోయాడు. అబద్ధం ఏమీ కాదు. రెండిళ్ళలో రెండు జతలు ఉన్నాయి.

రాత్రంతా కురిసింది. తెల్లారేసరికి పల్లం పదునెక్కింది. అసిరయ్య పాత ఎద్దుని ఎడమ పక్కన, తెల్లదాన్ని కుడి పక్కన కట్టాడు. మొదటి చాలు కొంచెం వంకర వచ్చింది. రెండో చాలుకి రెండు ఎద్దులూ ఒకదాని అడుగు ఒకటి పట్టుకున్నాయి. పక్క పొలంలో జోగయ్య అరక కూడా కదిలింది.

ఎండ కాస్త ఎక్కాక చినబాబు గొడుగు వేసుకుని గట్టు మీదకి వచ్చాడు. వెనక ఇద్దరు పాలేళ్ళు, భుజాన నాగలితో. సగం దున్నిన పొలాన్ని చూసి పాలేళ్ళు ఆగిపోయారు. చినబాబుకి నిజంగానే మనసుకి కష్టమనిపించింది.

"ఏరా అసిరయ్యా, ఇన్నేళ్ళూ ఏ అవసరం వచ్చినా నేనే కదా చూశాను? ఇప్పుడు నా గుమ్మం కాదని ఆ సమితి వరండాలో నిలబడతావా? నలుగురూ నన్నేమనుకుంటారు?"

అసిరయ్య నాగలి మేడి మీద చెయ్యి తియ్యలేదు.

"తవఁరెల్లి తెచ్చి నాకిచ్చీ శ్రమ ఎందుకని బాబూ, ఈపాలి నానే ఎల్లి తెచ్చుకున్నాను."